‘రైట్’ అనే ఒక్క మాటను జపనీస్‌లోకి ఎన్ని మాటలుగా తేవాలి?

అక్షరాలబండి
ఇంగ్లీషులోని ‘రైట్’ అనే మాట వారం రోజులుగా నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. నేను హైదరాబాదులో ఉంటూ ఇంగ్లీషు నుంచి జపనీస్‌లోకి అనువాదాలు చేస్తాను. పిల్లల సైన్సు ప్రదర్శనశాల ఒకటి తన టచ్‌స్క్రీన్ ఆటల కోసం 400 వరుసల పట్టిక పంపింది. అందులో వాక్యాలు తక్కువ, విడి మాటలు ఎక్కువ. 41వ వరుసలో ‘రైట్’ అని ఉంది, దాని కిందే ‘లెఫ్ట్’ ఉంది కాబట్టి ‘మిగి’, అంటే కుడి, అని రాశాను. 212వ వరుసలో అదే మాట మళ్లీ వచ్చినప్పుడు నేను వాడే సాఫ్ట్‌వేర్ పాత అనువాదాన్ని తనంతట తానే నింపి, నూటికి నూరు శాతం సరిపోయిందని పచ్చరంగు చూపించింది. నేను ఆ పచ్చరంగును నమ్మి ముందుకు వెళ్లిపోయాను.

నిన్న ఒసాకాలో ఉండే సమీక్షకురాలు స్క్రీన్ ఫోటో పంపారు. చంద్రుడి మీద ప్రశ్న, నాలుగు జవాబులు, వాటిలో సరైన దాన్ని నొక్కిన ఒక చిన్న వేలు, ఆ వేలికి పైన మెరుస్తున్న పెద్ద అక్షరం ‘కుడి’. ఆ ఫోటో చూసినప్పటి నుంచి మనసు బాగాలేదు. ఆ మాటకున్న అర్థాలన్నిటినీ ముందే పట్టుకునే దారి ఏదైనా ఉంటే చెప్పండి.

పొడిమాట
212వ వరుసకు పైన ఏముంది, కింద ఏముంది?

అక్షరాలబండి
పైన ‘నెక్స్ట్’ ఉంది, కింద ‘ట్రై ఎగైన్’ ఉంది. ఆ కింది మాటను ఒక్క క్షణం ఆగి చూసి ఉంటే ఇది జవాబుకు సంబంధించినదని తెలిసేది.

నగోయా_నివాసి
మీరు అర్థం పట్టుకున్నా ఇంకో గుంట మిగిలే ఉండేది. ‘సరైన’ అనగానే నిఘంటువు ‘తదషీ’ అని చూపిస్తుంది, కానీ పిల్లవాడు జవాబు చెప్పగానే జపాన్‌లో ఎవరూ ‘తదషీ’ అనరు. ‘సెయ్‌కాయ్’ అంటారు, ఇంకా చిన్న పిల్లలతో అయితే ‘అతారి’ అంటారు. ఇంట్లో ఆడుకునేటప్పుడు మా పాప ‘పింపోన్’ అని గంట మోగినట్టు అరుస్తుంది, అది టీవీ క్విజ్‌లలో సరైన జవాబుకు మోగే శబ్దం. ‘తదషీ’ అనేది పద్ధతికి, నడవడికకు, లెక్క చేసిన తీరుకు వాడే మాట.

ఇంకొకటి కూడా చూసుకోండి. ఆ స్క్రీన్ మీద టిక్కు గుర్తు ఉంటే దాన్ని తీయించండి. ఇక్కడి బడుల్లో సరైన జవాబుకు ఎర్రసిరాతో గుండ్రంగా సున్న చుడతారు, దాన్ని ‘మారు’ అంటారు. టిక్కు గుర్తును చాలామంది టీచర్లు తప్పు జవాబు పక్కన పెడతారు. మా పాప మొదటి పరీక్ష కాగితం ఇంటికి తెచ్చినప్పుడు దాని నిండా సున్నలు చూసి నాకు ఒక్క క్షణం గుండె ఆగినంత పనైంది. ఆ సున్నలన్నీ సరైన జవాబులే.

ఎర్రసిరా
ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రాజమండ్రిలో రిటైరైనవాణ్ణి కాబట్టి నగోయా_నివాసి గారి మాట నాకు బాగా తాకింది. మన బడుల్లో ఆ టిక్కు గుర్తు పేరే ‘రైట్ మార్కు’. ‘మాస్టారూ, నా లెక్కకు రైటు కొట్టలేదు’ అని పిల్లలు కాగితం పట్టుకుని వచ్చేవారు. తప్పు గుర్తును ‘ఇంటూ’ అనేవారు. అంటే ‘రైట్’ మన దగ్గర ఒక గీతకు పేరైపోయింది. అదే గీత జపాన్‌లో తప్పుకు గుర్తవుతుందని నాకు ఈ రోజే తెలిసింది.

ఇంకో సంగతి కూడా అడగాలి. సైన్సు ప్రదర్శనశాల అన్నారు కదా, ‘రైట్ యాంగిల్’ ఎక్కడైనా ఉందా? మనం దాన్ని లంబకోణం అంటాం, అందులో కుడి లేదు, ఒప్పు లేదు.

అక్షరాలబండి
ఉంది మాస్టారూ, 97వ వరుసలో ఉంది. అదృష్టవశాత్తు రెండు మాటలూ కలిసి ఉన్నందువల్ల ‘చొక్కకు’ అని సరిగానే రాశాను. అందులోని ‘చొకు’ అంటే నిటారు, సూటి అని అర్థం కాబట్టి అది కూడా లంబానికి దగ్గరగానే ఉంది.

తెరవెనుక
నేను యాప్‌లు తయారుచేసే వైపు పనిచేస్తాను, కాబట్టి తప్పు మా వైపుదే ఎక్కువని ఒప్పుకోవాలి. ప్రతి వరుసకూ ప్రోగ్రాములో ఒక పేరు ఉంటుంది. దిక్కు చూపే బటన్ పేరు వేరు, జవాబు ఫలితం పేరు వేరు. ఆ పేర్ల కాలమ్‌ను తీసేసి ఇంగ్లీషు మాటలను మాత్రమే పట్టికలోకి దించి అనువాదకులకు పంపడం వల్లే ఇలాంటివి జరుగుతాయి. కొన్ని చోట్ల ఇంకా ఘోరంగా, ఒకే మాట కదా అని రెండు చోట్లకూ ఒకే వరుసను వాడతారు. అప్పుడు అనువాదకుడు ఎంత జాగ్రత్తగా ఉన్నా రెండింటిలో ఒకటి తప్పక తప్పవుతుంది. ఆ పేర్ల కాలమ్‌ను పంపమని అడగండి, ఇవ్వనంటే స్క్రీన్ ఫోటోలైనా అడగండి.

పొడిమాట
తెరవెనుక గారి మంచితనాన్ని గౌరవిస్తాను కానీ పూర్తిగా ఒప్పుకోను. విడిగా వచ్చిన ‘రైట్’, ‘ఫ్రీ’, ‘ఓపెన్’, ‘క్లియర్’ లాంటి మాటలను చూడగానే ఆగి అడగడం అనువాదకుడి పని. ‘ఓపెన్’ అంటే తెరిచి ఉందా, తెరవమనా? నేను ఇలాంటి మాటల చిట్టా ఒకటి రాసిపెట్టుకున్నాను. పని మొదలుపెట్టే ముందు పట్టికంతా వెతికి, అవి కనిపించిన వరుసల్లో సాఫ్ట్‌వేర్ తనంతట తాను నింపకుండా ఆపేస్తాను.

గోదారిగట్టు
ఆ చిట్టాలో ‘రైట్’ ఒక్కదానికే ఒక పేజీ కేటాయించాలి. ‘రైట్ సైజు’ అంటే కుడి కాదు, ‘తదషీ’ కూడా కాదు. చెప్పు కాలికి అతికినట్టు సరిపోతే ‘పిత్తారి’ అంటారు. పనికి తగిన మనిషి ‘తెకినిన్‌ష’. ‘రైట్ నౌ’ అంటే ‘ఇమాసుగు’. ‘రైట్ ఇన్ ద మిడిల్’ అంటే ‘మన్నక’. ‘నక’ అంటే నడుమ, దానికి ‘మ’ చేర్చి ఒత్తి పలికితే మనం నట్టనడుమ అన్నంత ఖచ్చితంగా వస్తుంది. ఈ చివరిది నేర్చుకున్న రోజు నాకు చాలా సంతోషం కలిగింది. ఇంగ్లీషు గుండా వెళ్తే అది కంఠస్థం చేయాల్సిన మరో అర్థం మాత్రమే, తెలుగు గుండా వెళ్తే ‘నట్ట’ ఎలాగో ‘మ’ అలాగే అని ఇట్టే అర్థమైపోతుంది.

రంగస్థలి
దిక్కు అర్థంలో కూడా ‘మిగి’ ప్రతిసారీ పనికిరాదు. వాహనం కుడివైపు తిరగడాన్ని రోడ్డు నిబంధనల్లో ‘ఉసెత్సు’ అంటారు, ఓడకు కుడి పక్క ‘ఉగెన్’. నాటకాల వాళ్లకైతే ఇంకా చిక్కు. ఇంగ్లీషు నాటకంలో ‘స్టేజ్ రైట్’ అంటే ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడిన నటుడికి కుడి. జపాన్ రంగస్థలం మీద అది ‘షిమొతె’, అంటే ప్రేక్షకులకు ఎడమ. ప్రేక్షకులకు కుడివైపు ఉండేది ‘కమితె’. కుడి ఎడమల పేర్లే లేకుండా పై వైపు, కింది వైపు అని పెట్టుకున్నారు కాబట్టి ఎవరి కుడి అనే ప్రశ్నే రాదు. ఒక చిన్న నాటిక అనువాదంలో నేను ‘మిగి’ అని రాసిన చోట నటి అటు నుంచి రావాల్సింది ఇటు నుంచి వచ్చింది. రిహార్సల్‌లోనే తెలిసింది కాబట్టి సరిపోయింది.

ఆఖరిసీటు
మన బస్సు కండక్టర్ల ‘రైట్ రైట్’ను ఎవరూ తలవలేదు. అది కుడి కాదు, ఒప్పు కాదు, హక్కు అసలే కాదు, బండి కదలవచ్చని డ్రైవరుకు చెప్పే మాట. దానికి జపనీస్ ఏమిటని వెతికితే నాకు చాలా ఆశ్చర్యం కలిగింది. అక్కడి బస్సుల్లో కండక్టర్లుగా పనిచేసిన అమ్మాయిలు బండి కదిలేముందు ‘హష్షా ఓరాయ్’ అనేవారు. ‘హష్షా’ అంటే బండి బయలుదేరడం. ‘ఓరాయ్’ అంటే ఇంగ్లీషు ‘ఆల్‌రైట్’. ఇప్పటికీ లారీని వెనక్కి తీయించేటప్పుడు వెనక నిలబడినవాళ్లు ‘ఓరాయ్, ఓరాయ్’ అంటూ చేయి ఊపుతారు. మన కండక్టరూ వాళ్ల కండక్టరూ ఒకే ఇంగ్లీషు మాటను తీసుకుని, ఒకే పనికి పెట్టుకున్నారు.

ఆకాశదీపం
ఆ దారి చూసి ‘రైట్’ను ఉన్నదున్నట్టు అరువు తెచ్చుకుంటే పోతుందని మాత్రం అనుకోవద్దు. జపనీస్ లిపిలో ‘రైతొ’ అని రాస్తే మొదట దీపం గుర్తొస్తుంది, తర్వాత తేలికపాటి పానీయం, ఆ తర్వాత బేస్‌బాల్‌లో కుడివైపు నిలబడే ఆటగాడు. టోక్యోలో ఇంపీరియల్ హోటల్ పాత భవనాన్ని కట్టిన ఫ్రాంక్ లాయిడ్ రైట్ కూడా అదే అక్షరాలతో వస్తాడు. ‘ల’, ‘ర’ల తేడా ఆ భాషలో లేదు కాబట్టి ఇన్నీ ఒకే గూటికి చేరతాయి. మా ఆఫీసులో ఒక కొత్త అబ్బాయి ‘కొపీరైతా’ అంటే కాపీరైట్ ఉన్నవాడు అనుకుని ప్రకటనలు రాసే ఆమెను న్యాయ సలహా అడిగాడు. ఆవిడ ఓపిగ్గా విని, రెండో అంతస్తులో ఉండే లాయరు దగ్గరికి స్వయంగా తీసుకెళ్లారు.

అక్షరాలబండి
ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు. 212వ వరుసను ‘సెయ్‌కాయ్’గా మార్చాను, టిక్కు గుర్తు స్థానంలో ‘మారు’ పెట్టమని కోరాను. పేర్ల కాలమ్ కూడా వచ్చింది.

ఇప్పుడు అసలు కష్టం దగ్గరికి వస్తాను. ప్రదర్శనశాల గుమ్మం దగ్గర గోడ మీద ఒక ఇంగ్లీషు వాక్యం ఉంటుంది. ‘రాంగ్’ ప్రశ్న అంటూ ఏదీ లేదు, అడగడం మీ ‘రైట్’ అని దాని సారాంశం. ఇంగ్లీషులో ‘రాంగ్’కు ఎదురుగా ‘రైట్’ నిలబడుతుంది, అదే సమయంలో అది హక్కు కూడా అవుతుంది. తెలుగులోకి తెచ్చినా ‘తప్పు ప్రశ్న అంటూ లేదు, అడగడం మీ హక్కు’ అవుతుంది కానీ ఆ జత విడిపోతుంది. జపనీస్‌లో నేను ‘కెన్రి’, అంటే హక్కు, అని రాశాను. సమీక్షకురాలు అది ఏడేళ్ల పిల్లలకు బరువైన మాట అంటూ ‘ఏదైనా అడగవచ్చు’ అనే అర్థం వచ్చేలా ‘నందెమొ కీతె ఈ’ అని సూచించారు. ఆ వాక్యం వినడానికి హాయిగా ఉంది కానీ అసలు వాక్యం చెప్పిన మాట అది కాదని నా మనసు అంటోంది. మీరేమంటారు?

పాతపుస్తకం
మీకు వచ్చిన ఇబ్బందే 150 ఏళ్ల కిందట జపాన్ పండితులకూ వచ్చింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

షోగున్లు జపాన్‌ను పాలించిన ‘ఎదో’ యుగంలో (1868 వరకు) ‘రైట్’కు సరిపోయే మాట జపనీస్‌లో లేదు. నిషి అమనె, త్సుద మమిచి అనే ఇద్దరు 1860ల్లో హాలండ్‌లోని లైడెన్‌కు వెళ్లి న్యాయశాస్త్రం చదివినప్పుడు డచ్చి మాట ‘రెఖ్త్’ ఎదురైంది. అందులో చట్టం, న్యాయం, హక్కు మూడూ ఉన్నాయి. ఆ మాటకు ఇన్ని అర్థాలున్నాయని త్సుద వివరించాల్సి వచ్చింది. మరోవైపు చైనాలో విలియం మార్టిన్ అనే అమెరికన్ మిషనరీ హెన్రీ వీటన్ రాసిన అంతర్జాతీయ న్యాయ గ్రంథాన్ని 1864లో చైనీస్‌లోకి తెచ్చి, ‘రైట్’కు రెండక్షరాల జంట ఒకటి వాడాడు. జపనీయులూ చైనీస్ అక్షరాలు వాడతారు కాబట్టి ఆ జంటను జపనీస్‌లో చదివితే ‘కెన్రి’. ఆ పుస్తకాన్ని మరుసటి ఏడాదే జపాన్‌లో అచ్చువేశారు. ఫ్రెంచి చట్టాలను అనువదించే పని ప్రభుత్వం మిత్సుకురి రిన్షోకు అప్పగించినప్పుడు ఆయన ఆ మాటను అక్కడి నుంచే తీసుకున్నారు.

చిక్కంతా ఆ అక్షరాలలో ఉంది. ‘కెన్’ అంటే అధికారం, ‘రి’ అంటే లాభం. ప్రాచీన చైనా తత్వవేత్త షున్‌జి ఆ జంటను అధికారమూ లాభమూ అనే అర్థంలోనే వాడాడు, మంచివాణ్ణి అవి కదిలించలేవని చెప్పడానికి వాడాడు. అంటే ఉత్తముడు దూరంగా ఉంచాల్సిన వాటి పేరును తెచ్చి ప్రతి మనిషికీ న్యాయంగా చెందాల్సిన దానికి పెట్టారు. 1870 ప్రాంతంలో మిత్సుకురి ఒక ఫ్రెంచి పదాన్ని ‘మిన్‌కెన్’ అని, అంటే ప్రజల ‘కెన్’ అని తెచ్చినప్పుడు ప్రభుత్వ సమావేశంలో పెద్ద గొడవ జరిగింది. ప్రజలకు అధికారం ఉండడమేమిటని అధికారులు నిలదీస్తే చట్టాల కూర్పు పని చూస్తున్న ఎతొ షింపెయ్ సర్దిచెప్పి శాంతింపజేశాడు. మిత్సుకురియే తర్వాత ఈ సంగతి చెప్పుకున్నారు.

అప్పటి ప్రసిద్ధ రచయిత, ఆలోచనాపరుడు ఫుకుజావా యుకిచికి మాత్రం వేరే ఆలోచన ఉండేది. 1870లో పాశ్చాత్య దేశాల గురించి రాసిన పుస్తకం రెండో భాగంలో ఆయన ‘రైట్’ అంటే మొదట నిజాయితీ, ముక్కుసూటితనం అని వివరించి, దానికి ‘త్సూగి’ అనే మాట వాడారు. 1872లో మొదలుపెట్టిన తన ప్రసిద్ధ విద్యా ప్రబోధంలో ‘కెన్రి’ అనే రాసినా రెండో అక్షరాన్ని మార్చారు. లాభం అనే ‘రి’ని తీసేసి, అలాగే పలికే మరో ‘రి’ని, హేతువు, న్యాయసూత్రం అనే అర్థమున్న అక్షరాన్ని పెట్టారు. చెవికి రెండూ ఒకటే, కంటికి మాత్రం తేడా. ఆ అక్షరం నిలబడి ఉంటే అక్షరాలబండి గారి గోడ మీద ‘ఒప్పు’ అనే అర్థం కొంతైనా మిగిలేది. చట్టాల్లోకి లాభం ఉన్న అక్షరమే చేరింది, అదే స్థిరపడింది. ఇది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

నగోయా_నివాసి
పాతపుస్తకం గారి పోస్టును రెండుసార్లు చదివాను, చాలా నేర్చుకున్నాను. అయినా అందులోంచి వచ్చే ముగింపును ఒప్పుకోలేను. ఇప్పటి జపనీయులు ‘కెన్రి’ అనగానే ‘అధికారమూ లాభమూ’ అని విడదీసి వినరు. వాళ్ల రాజ్యాంగం 1947 నుంచి అమల్లో ఉంది. దాని 3వ అధ్యాయం పేరులోనే ఆ మాట ఉంది. ఆరోగ్యకరమైన, సంస్కారవంతమైన కనీస జీవితం గడిపే ‘కెన్రి’ ప్రతి పౌరుడికీ ఉందని 25వ అధికరణం చెబుతుంది. ఆ వాక్యం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లో ఉన్న మిత్రదేశాల ఆక్రమణ సేన ఇచ్చిన ముసాయిదాలో లేదు, జపాన్ పార్లమెంటు సభ్యులే చేర్చారు. ఎత్తైన భవనం వచ్చి ఇంటి ఎండను ఆపేస్తే కోర్టుకెళ్లే హక్కుకు ‘నిష్షోకెన్’ అని పేరు పెట్టుకున్నారు. ఆ ‘కెన్’ వాళ్ల సొంతమైపోయింది.

పాతపుస్తకం
ఎండ మీద హక్కు ఉదాహరణ నాకు బాగా నచ్చింది. అయినా ఒక ప్రశ్న అడుగుతాను. ‘కెన్రి బకారి షుచో సురు’ అనే మాట మీరు వినలేదా? ఎప్పుడూ తన హక్కులనే వల్లిస్తాడని మనిషిని తప్పుపట్టే మాట అది. హక్కు అడగడం స్వార్థంలా వినిపించడానికి ఆ ‘లాభం’ అక్షరానికి సంబంధం లేదంటారా? అనువాద పదాల చరిత్ర రాసిన యనబు అకిర కూడా ‘కెన్రి’లోని ‘కెన్’, పెత్తనం అనే అర్థమున్న ‘కెన్‌ర్యొకు’లోని ‘కెన్’ ఒకటే కావడం గురించి 1982లో ప్రత్యేకంగా ఒక అధ్యాయం రాశారు.

నగోయా_నివాసి
విన్నాను, మా పాప బడిలో తల్లిదండ్రుల సమావేశంలోనే విన్నాను. మధ్యాహ్న భోజనంలో మాంసం లేని పదార్థం అడిగిన ఒక తల్లి గురించి వెనక వరుసలో ఎవరో ఆ మాట అన్నారు. నాకు బాధ కలిగింది. కానీ ‘ఎప్పుడూ హక్కులు హక్కులు అంటాడు, బాధ్యతలు అక్కర్లేదా’ అని మన ఊళ్లలో అనరా? మన ‘హక్కు’లో లాభం అనే అక్షరం లేదే. అంటే ఆ నింద మనుషుల నుంచి వచ్చింది, అక్షరం నుంచి కాదు.

రెండుబాసలు
ఈ వాదన చదువుతుంటే నా చిన్ననాటి సందేహం ఒకటి తీరింది. నాందేడ్‌లో హిందీ మాధ్యమంలో చదివాను, ఇంట్లో తెలుగు. హిందీలో హక్కును ‘అధికార్’ అంటారు. ప్రాథమిక హక్కులు ‘మౌలిక్ అధికార్’, సమాచార హక్కు ‘సూచనా కా అధికార్’. ఇంట్లో మా తాతకు పాఠం చదివి వినిపిస్తే, ‘పిల్లలకు అధికారమేమిట్రా, అధికారం కలెక్టరుకు ఉంటుంది కానీ’ అనేవారు. తెలుగు చెవికి ఆ మాట పెత్తనంగానే వినిపిస్తుంది. 1870లో ‘మిన్‌కెన్’ విన్న జపాన్ అధికారుల చెవికీ అలాగే వినిపించి ఉంటుంది. అయితే హిందీ మాట్లాడేవాళ్లకు అందులో ఏ ఇబ్బందీ లేదు, ‘అధికార్’ అంటే వాళ్లకు హక్కే. కాబట్టి ఈ విషయంలో నేను నగోయా_నివాసి గారి పక్షం.

ఎర్రసిరా
మన ‘హక్కు’ పుట్టుక కూడా చెప్పుకోవాలి. అరబ్బీలో ‘హఖ్’ అంటే సత్యం, న్యాయం, న్యాయంగా చెందవలసినది అని అన్ని అర్థాలూ ఉన్నాయి. ఇంగ్లీషు ‘రైట్’లోని రెండు ముఖాలూ ఆ మాటలో ఉన్నాయన్నమాట. ఉర్దూ ద్వారా మనకు వచ్చేసరికి సత్యం దారిలో రాలిపోయి చెందవలసినది మాత్రమే చేరింది. హక్కుదారు, హక్కుపత్రం అంటూ పొలం కాగితాల్లోకి వెళ్లింది. ఫుకుజావా కోరుకున్న అర్థం మన మాట వేరులో ఉండేదని తెలిస్తే పాతపుస్తకం గారు సంతోషిస్తారు.

గోదారిగట్టు
‘కెన్’ అక్షరానికి కూడా అంత అన్యాయం చేయకండి. దాని పాత అర్థాల్లో ఒకటి తూనికరాయి, త్రాసుకు వేలాడే బరువు. తూచడం నుంచి శక్తికి, అక్కడి నుంచి అధికారానికి వెళ్లింది. తూచి ఇవ్వాల్సినంత ఇవ్వడం న్యాయానికి దూరమైన ఊహ కాదు.

ముసాయిదా
నేను చట్టపరమైన పత్రాలు అనువదిస్తాను. చరిత్ర చర్చ ఎంత బాగున్నా గోడ మీది వాక్యం ముద్రణకు వెళ్లాలి కాబట్టి వ్యాకరణం వైపు తిప్పుతాను. ఇంగ్లీషులో ‘హావ్ ద రైట్ టు’ అన్నప్పుడు జపనీస్‌లో మూడు దారులు కనిపిస్తాయి. ‘కొతొ గా దెకిరు’ అంటే చేయగలగడం, వీలుండడం. ‘తె ఈ’ అంటే చేసినా ఫరవాలేదనే అనుమతి. మూడోది ‘కెన్రి గా అరు’. మొదటి రెండింటికీ తెలుగులో ‘అడగవచ్చు’ ఒక్కటే సరిపోతుంది కాబట్టి తేడా మనకు వెంటనే కనిపించదు. నియమావళుల్లో మొదటి దారి హాయిగా సరిపోతుంది. సెలవు తీసుకోవచ్చు, అప్పీలు చేసుకోవచ్చు లాంటి వాక్యాలకు నేను దాన్నే వాడతాను.

ఈ గోడకు మాత్రం రెండో దారి తగదని గట్టిగా అంటాను. ‘అడిగినా ఫరవాలేదు’ అన్నప్పుడు ఆ మాట అనే పెద్ద ఒకరు ఎక్కడో నిలబడి ఉంటారు. ఇచ్చినవారు వెనక్కి తీసుకోగలిగేది అనుమతి. హక్కు ఒకరు ఇస్తే వచ్చేది కాదు. సమీక్షకురాలి సూచనలో తీయదనం ఉంది కానీ పిల్లవాణ్ణి అడగనిచ్చేవారి దయకు వదిలేస్తుంది.

పిల్లలకు ఆ మాట బరువు అనే అభ్యంతరానికీ జవాబుంది. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికను జపాన్ 1994లో ధ్రువీకరించింది. దాన్ని అక్కడ అందరూ పిలిచే పేరు ‘కోదొమొ నొ కెన్రి జోయకు’. పిల్లల కోసం అచ్చువేసే కరపత్రాల్లోనూ ‘కెన్రి’ అనే రాసి, పైన చిన్న అక్షరాలతో ఉచ్చారణ ఇస్తారు. ఏడేళ్ల పిల్లలకు ఆ మాట కొత్తదైతే నేర్చుకోవడానికి సైన్సు ప్రదర్శనశాల గుమ్మం కన్నా మంచి చోటు ఏముంటుంది?

పొడిమాట
ముసాయిదా గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ‘కెన్రి’ ఉండాలి.

నగోయా_నివాసి
‘కెన్రి’ని ఉంచితే ‘రాంగ్’, ‘రైట్’ల జత పోయిందనే అక్షరాలబండి గారి బాధ అలాగే మిగులుతుంది. ఎర్రసిరా గారి ‘రైటు కొట్టడం’ గురించి నిన్న రాత్రి ఆలోచిస్తుంటే ఒకటి తోచింది. మొదటి వాక్యంలో తప్పు లేదు అని చెప్పే బదులు, ప్రతి ప్రశ్నకూ సున్న చుడతాం అని చెప్పవచ్చు కదా? ‘దొనొ షిత్సుమోన్ ని మొ, మారు. కికు నొ వ, కిమి నొ కెన్రి.’ ఏ ప్రశ్నకైనా ‘మారు’, అడగడం నీ హక్కు అని అర్థం. బడికి వెళ్లే ప్రతి పిల్లకూ ఆ ఎర్రసున్న తెలుసు. ‘రైట్’లోని ఒప్పు మొదటి వాక్యంలోకి, హక్కు రెండో వాక్యంలోకి వెళ్లిపోతాయి.

ఎర్రసిరా
చాలా బాగుంది తల్లీ. గోడ మీద ఆ సున్నను చేత్తో చుట్టినట్టు ఎర్రగా వేయించమనండి.

గోదారిగట్టు
ఒక్క జాగ్రత్త చెప్పాలి. ‘కికు’ అంటే అడగడమే కాదు, వినడం కూడా. చిన్న పిల్లల కోసం చైనీస్ అక్షరం వాడకుండా ఉచ్చారణ మాత్రమే రాస్తే వినడం నీ హక్కు అని కూడా చదవవచ్చు. ఆ భయంతో ‘తజునేరు’ అని మారిస్తే దానికి ఎవరినైనా చూడడానికి వెళ్లడం అనే అర్థం కూడా ఉంది.

ముసాయిదా
ముందు వాక్యంలో ‘షిత్సుమోన్’, అంటే ప్రశ్న, ఉంది కాబట్టి ‘కికు’ అడగడంగానే చదువుతారు. ఎవరైనా వినడం అని చదివినా ఆ గోడకు నష్టం లేదు.

అక్షరాలబండి
ఆ వాక్యాన్నీ, అనుమతికీ హక్కుకూ మధ్య ముసాయిదా గారు చూపిన తేడానూ కలిపి సమీక్షకురాలికి పంపాను. ఈ ఉదయం జవాబు వచ్చింది. తాను పిల్లల వయసు గురించే ఆలోచించానని, వాక్యాన్ని పలికేది ఎవరు అనే కోణంలో చూడలేదని రాశారు. ‘మారు’ వాక్యాన్ని అంగీకరించారు. ‘కెన్రి’ మీద చిన్న అక్షరాలతో ఉచ్చారణ వేస్తారట. ఎర్రసిరా మాస్టారి ఎర్రసున్న సంగతి బొమ్మలు వేసేవారికి చెప్పారట. ముద్రణకు ముందు నమూనా పంపుతామన్నారు.

ఇక 388వ వరుస ఒక్కటి మిగిలింది. పేజీ అడుగున ‘రైట్స్’ అని ఒక లింకు ఉంది. పేర్ల కాలమ్‌లో చూస్తే అది బొమ్మలు, ఫోటోల వాడకం గురించిన పేజీకి వెళ్తుందని తెలిసింది. అక్కడ ‘కెన్రి’ అని ఒక్క మాట పెట్టవచ్చా?

ముసాయిదా
పెట్టవద్దు. అక్కడ ‘కెన్రి’ అంటే మానవ హక్కుల పేజీ అనుకుని నొక్కుతారు. ‘చొసకుకెన్ ని త్సుయితె’ అని రాయండి, అంటే కాపీరైట్ గురించి అని. ఆ పేజీ లోపల ‘ఆల్ రైట్స్ రిజర్వ్‌డ్’ అనే వరుస కూడా ఉండే ఉంటుంది. జపాన్ వెబ్‌సైట్లు దాన్ని ఇంగ్లీషులోనే వదిలేస్తాయి, లేదా అనుమతి లేకుండా మళ్లీ ప్రచురించరాదనే అర్థంలో ‘ముదన్ తెన్సయ్ కిన్షి’ అని రాస్తాయి. ప్రదర్శనశాల వాళ్లకు ఏది కావాలో అడిగి రాయండి.

అక్షరాలబండి
ఉంది, 391వ వరుసలో ఉంది. రాయకముందే అడుగుతున్నాను.